మంచు కరిగాకే తేలే పని: మిన్నెసోటాలో ల్యాండ్‌స్కేపర్‌తో బేరం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిన్నియాపొలిస్ నగర శివార్లలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళకు మొదటి వసంతంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. పెరట్లో రాళ్ళు పరిచిన ఒక ప్యాటియో (ఆరుబయట కూర్చునే అరుగు), దాని చుట్టూ నాలుగు మొక్కలు, ఇంటి వెనక నీళ్ళు నిలవకుండా కాస్త మట్టి సర్దడం. పని ఇంతే. ఇలాంటి పనులు చేసే ల్యాండ్‌స్కేపర్లను ముగ్గురిని పిలిస్తే ముగ్గురూ అదే రాయి, అదే కొలత, అవే మొక్కలు రాసిస్తారు. ధర దగ్గరికి వచ్చేసరికి ఒకరు చెప్పినదానికి ఇంకొకరిది దాదాపు రెట్టింపు ఉంటుంది. ఎక్కువ చెప్పినవాళ్ళు దోచుకుంటున్నారనీ, తక్కువ చెప్పినవాళ్ళు న్యాయంగా ఉన్నారనీ అనిపించడం సహజం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. చాలాసార్లు మాత్రం ఆ తేడా అంతా నేల కింద ఉంటుంది. వాళ్ళు రాసిచ్చే ధర అంచనా (కోట్) కాగితంలో ఆ భాగానికి ఒక్క వాక్యం దక్కుతుంది, కొందరి కాగితాల్లో అదీ ఉండదు.

ఇంత చలి ఉన్న చోట, పని పూర్తయిన రోజున అది బాగుందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. జూలైలో అందరి పనీ బాగానే కనిపిస్తుంది. తేలేది మరుసటి ఏప్రిల్‌లో, మంచు కరిగాక. అందుకని ల్యాండ్‌స్కేపర్‌ను ఏ ప్రశ్న అడిగినా, ఒప్పందంలో ఏ షరతు రాసుకున్నా ఆ ఏప్రిల్‌ను దృష్టిలో పెట్టుకునే చేయాలన్నది నా అభిప్రాయం. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి మే నెలలోనూ "మంచి ల్యాండ్‌స్కేపర్ ఉంటే చెప్పండి" అన్న సందేశం వస్తుంది. "మాకు చాలా బాగా చేశారు, పోయిన నెలే అయింది" అని ఫొటోలతో సహా జవాబులు వస్తాయి. పోయిన నెల చేసిన పనికి ఫొటో ఉంటుంది గానీ సాక్ష్యం ఉండదు. కనీసం రెండు మూడు చలికాలాలు చూసిన పని చిరునామా అడిగి, వీలైతే వెళ్ళి చూడాలి.

నేల ఎందుకు ఉబ్బుతుంది

నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. అయితే ప్యాటియో రాళ్ళు రెండు అంగుళాలు పైకి లేచి, మెట్టు ఒక పక్కకు ఒరిగిపోవడానికి ఈ 9 శాతం ఒక్కటే కారణం కాదు. నేల పైనుంచి కిందికి గడ్డకడుతూ వెళుతుంది. ఆ గడ్డకట్టే అంచు, కింద ఇంకా ద్రవంగా ఉన్న నీటిని, దీపం వత్తి నూనెను పీల్చినట్టు, పైకి లాగుతుంది. అలా వచ్చిన నీరంతా అక్కడ పలచటి మంచు పొరలుగా పేరుకుంటుంది. చలికాలం పొడుగునా ఆ పొరలు మందమెక్కుతూనే ఉంటాయి, పైనున్నదాన్ని ఎత్తుతూనే ఉంటాయి. ఇలా జరగాలంటే మూడూ కలిసిరావాలి: చలి, నీరు, నీటిని పైకి పీల్చే సన్నటి మట్టి. చలిని ఎవరూ ఆపలేరు. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని తప్పించడమే ల్యాండ్‌స్కేపర్ చేతిలో ఉన్న పని.

ఒండ్రులాంటి సన్నని మట్టి అన్నిటికంటే ప్రమాదం. బంకమట్టి కూడా తక్కువేమీ కాదు. ఇసుక, గరుకు కంకరలో నీరు కిందికి దిగిపోతుంది కాబట్టి అవి అంతగా ఉబ్బవు. పేవర్ల (ప్యాటియోలో పరిచే రాళ్ళ) కింద కంకర మంచం వేసేది ఇందుకే. ఇక్కడ ఒక అపోహ తీరాలి. మిన్నెసోటా భవన నిబంధనల ప్రకారం జంట నగరాలతో (మిన్నియాపొలిస్, సెయింట్ పాల్) సహా దక్షిణ జిల్లాల్లో పునాది కనీసం 42 అంగుళాల లోతు ఉండాలి. డులూత్ వైపు ఉత్తర జిల్లాల్లో అయితే 60 అంగుళాలు. ఈ అంకె విన్నవాళ్ళు ప్యాటియోకు కూడా మూడున్నర అడుగులు తవ్వాలేమో అనుకుంటారు. అవసరం లేదు. ఇంటికి బిగించిన డెక్ (చెక్క వేదిక) స్తంభాలు మాత్రం ఆ లోతుకు దిగాలి. ఇల్లు కదలకుండా ఉండి డెక్ లేస్తే ఏదో ఒకటి విరుగుతుంది. పేవర్ల ప్యాటియో ఇంటితో ముడిపడి ఉండదు. అది నేల మీద తేలుతున్న పరుపు, నేలతోపాటు కాస్త లేచి మళ్ళీ దిగుతుంది. అంతటా సమానంగా లేచి, సమానంగా దిగితే చాలు. కింద ఒక మూల నీరు నిలిచి, ఇంకో మూల పొడిగా ఉంటేనే తంటా.

ఆ పరుపు తయారయ్యే తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. పైమట్టి, గడ్డి వేళ్ళు మొత్తం తీసేసి గట్టి నేల తగిలేదాకా తవ్వుతారు. బంకమట్టి అయితే దాని మీద వడపోత బట్ట పరుస్తారు. లేకపోతే రెండేళ్ళలో కంకర మట్టిలోకి దిగిపోతుంది, మట్టి కంకరలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత కంకర. మనుషులు నడిచే ప్యాటియోకు సాధారణంగా కనీసం 6 అంగుళాలు, కార్లు ఎక్కే డ్రైవ్‌వేకు 10 నుంచి 12, మట్టి మరీ మెత్తనిదైతే ఇంకా ఎక్కువ. ఇదంతా ఒకేసారి పోసి పైన యంత్రం తిప్పితే కుదరదు. పైపొర బిగుస్తుంది, కింద వదులుగానే ఉండిపోతుంది. మూడు నాలుగు అంగుళాల చొప్పున పోసి, ప్రతి పొరనూ ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస చేయాలి. దాని మీద ఒక అంగుళం ఇసుక, ఆపైన పేవర్లు, చుట్టూ జారకుండా అంచుపట్టీ. ఇక్కడి పనివాళ్ళు వాడే కంకర ఎక్కువగా "క్లాస్ 5". అందులో రాతిపొడి కూడా కలిసి ఉంటుంది కాబట్టి బాగా బిగుస్తుంది. పొడి లేని కంకర వేసి నీటిని కిందికి వదిలేసే పద్ధతి ఇంకొకటి ఉంది. రెండూ నిలుస్తాయి. ఏది వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పేవాళ్ళు కావాలి.

ఇప్పుడు మొదటి చిక్కు విడిపోతుంది. రెట్టింపు ధర చెప్పిన కోట్‌లో ఈ తవ్వకం, మట్టి తరలింపు, లారీల కంకర, అదనంగా ఒకటి రెండు రోజుల కూలి ఉండి ఉండవచ్చు. సగం ధర కోట్‌లో పచ్చిక గీకి, నాలుగంగుళాల ఇసుక పోసి రాళ్ళు పరిచేసే పని ఉండి ఉండవచ్చు. ఫొటోలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. తవ్వే లోతు, కంకర రకం, మందం, ఎన్ని పొరలు అన్నవి అంకెలతో కోట్‌లో రాయమని ముగ్గురినీ అడగండి. అప్పుడే ధరలను పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం ఉంటుంది. రాళ్ళు పరచకముందు కంకర మీద టేపు పెట్టి తీసిన ఫొటో కావాలని కూడా ముందే చెప్పండి. బాగా చేసేవాళ్ళు దీనికి నొచ్చుకోరు.

నీరు ఎటు పోతుంది

మార్చి నెలలో ఇక్కడ విచిత్రమైన పరిస్థితి ఉంటుంది. మంచు కరుగుతూ ఉంటుంది, కింద నేల మాత్రం ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది. నీటికి ఇంకే దారి లేదు, వాలున్న వైపు పోవడమే. ఆ వాలు ఇంటి వైపు ఉంటే నేరుగా బేస్‌మెంట్‌కు చేరుతుంది. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలన్నది అమెరికా గృహనిర్మాణ నిబంధనల్లో ఉన్న కొలత. కొత్త ఇంటి చుట్టూ పూడ్చిన మట్టి రెండు మూడేళ్ళలో కుంగిపోయి ఈ వాలు తిరగబడటం మామూలే. ప్యాటియో కట్టించుకునేటప్పుడే దీన్ని సరిచేయించుకోవాలి, తర్వాత అంటే రాళ్ళు పీకాల్సి వస్తుంది. మంచి ల్యాండ్‌స్కేపర్ మొదటిసారి వచ్చినప్పుడు మొక్కల జాబితా తీయకముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, చూరు గొట్టాల నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూస్తారు. ఆ పని చేయనివాళ్ళ గురించి నాకు మంచి అభిప్రాయం లేదు.

వాలు నేలలో మట్టిని ఆపే గోడ కట్టించేటప్పుడు కూడా ఇదే సూత్రం. గోడను పడదోసేది దాని వెనక నిలిచి గడ్డకట్టే నీరు. గోడ వెనక కంకర, అడుగున నీటిని బయటికి పంపే గొట్టం లేకుండా కట్టినది ఎంత అందమైన రాయైనా ఒరుగుతుంది. పునాది అట్టడుగు నుంచి పైకి 4 అడుగులు దాటితే ఆ గోడకు నగరపాలక అనుమతి కావాలి. మూడడుగులే కనిపిస్తోంది కదా అనుకోవద్దు, కొలత మొదలయ్యేది నేల కింద నుంచి.

తవ్వకానికి ముందు, నేల కింది గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో చూపించమని 811కు ఫోన్ చేయడం చట్టం. మిన్నెసోటాలో ఆ పని చూసే వ్యవస్థ పేరు గోఫర్ స్టేట్ వన్ కాల్. శని, ఆదివారాలు, సెలవులు మినహాయించి కనీసం 48 గంటల ముందు చెబితే, ఉచితంగా వచ్చి గ్యాస్‌కు పసుపు, కరెంటుకు ఎరుపు, నీటికి నీలం, ఇలా నేల మీద రంగులు వేసి వెళతారు. ఫోన్ చేయాల్సినది తవ్వేవాళ్ళు. "మీరే చేసేయండి, మేం సోమవారం వస్తాం" అన్నారంటే వాళ్ళ తీరు అక్కడే అర్థమైపోతుంది. ఆ రంగులు కంపెనీల లైన్లకే వేస్తారు. మీటరు దాటాక గ్రిల్‌కు వెళ్ళే గ్యాస్ గొట్టం, విడిగా ఉన్న గరాజ్‌కు లాగిన కరెంటు తీగ, స్ప్రింక్లర్ గొట్టాలు అందులో రావు. వాటిని మీరే చూపించాలి.

మొక్కల లెక్క

అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల చలి మండలాల పటాన్ని 2023లో సవరించింది. ఏడాదిలో అతి చల్లని రాత్రి ఎంత చల్లగా ఉంటుందో 30 ఏళ్ళ సగటు తీసి గీసిన పటం అది. మిన్నియాపొలిస్ 5ఏ మండలంలోకి (జోన్) వచ్చింది, అంటే మైనస్ 20 నుంచి మైనస్ 15 ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 29 నుంచి మైనస్ 26. కాస్త బయటికి వెళితే అంతకంటే చల్లని 4బి. జోన్ 5 చీటీ ఉన్న మొక్కలన్నీ ఇక నిశ్చింతగా నాటేయవచ్చని కొందరు నర్సరీవాళ్ళు చెబుతారు. నేనైతే ఇంకా 4 చూసే కొంటాను. సగటు అంటే దానికంటే చల్లని రాత్రులు వస్తాయనే కదా. ఇరవై ఏళ్ళు బతకాల్సిన చెట్టుకు అలాంటి ఒక్క రాత్రి చాలు.

పైగా ఆ పటం ఒక్క సంగతే చెబుతుంది. గాలి, ఎండ, ఉప్పు, కుందేళ్ళ గురించి చెప్పదు. స్థానికంగా పనిచేసేవాళ్ళు కావాలనేది ఇక్కడే. పొరుగింటి కిటికీ కనబడకుండా ఏడాదంతా ఆకు రాల్చని ఆర్బర్‌వైటీ చెట్ల వరుస వేయమని చాలామంది అడుగుతారు. దక్షిణం వైపు, గాలి కొట్టే చోట వేస్తే ఫిబ్రవరి ఎండకు వాటి ఆకుల్లోంచి నీరు ఆరిపోతూ ఉంటుంది. గడ్డకట్టిన నేల నుంచి వేళ్ళు ఒక్క చుక్కా తీసుకోలేవు. వసంతానికి ఒక పక్కంతా గోధుమరంగు తిరుగుతుంది. నవంబరులో నేల గడ్డకట్టేదాకా నీళ్ళు పోయడం దీనికి కొంత మందు. లేత మేపుల్ మొదళ్ళ మీద నైరుతి ఎండ పడి పగలు వేడెక్కి, రాత్రి ఒక్కసారిగా చల్లబడి బెరడు నిలువునా చీలుతుంది. శరదృతువులో తెల్లటి పట్టీ చుట్టి వసంతంలో విప్పేయాలి. విప్పడం మర్చిపోతే అదీ కీడే. కుందేళ్ళు మంచు మీద నిలబడి బెరడు కొరుకుతాయి కాబట్టి కంచెవల ఎత్తును నేల నుంచి కాకుండా మంచు పైనుంచి లెక్కవేయాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు, మీరా వాళ్ళా? కోట్‌లో ఉండాల్సిన ప్రశ్న ఇది.

చెట్టు పేరు ఒకటే అయినా పుట్టుక వేరు కావచ్చు. రెడ్ మేపుల్ ఫ్లోరిడా నుంచి కెనడా దాకా పెరుగుతుంది. దక్షిణాది విత్తనం నుంచి వచ్చిన మొక్క ఇక్కడ సమయానికి నిద్రలోకి జారదు, కొమ్మలు చస్తాయి. మొక్కలు ఎక్కడ పెరిగినవో అడగడం చాదస్తం కాదు. ఈ రాష్ట్రంలో విశ్వవిద్యాలయమే చలికి తట్టుకునే రకాలను దశాబ్దాలుగా తయారు చేస్తోంది. 1991లో విడుదలైన హనీక్రిస్ప్ యాపిల్ అక్కడిదే. యాష్ చెట్టు నాటుతామన్నవాళ్ళను మాత్రం పంపించేయండి. దాన్ని చంపే పచ్చపురుగు 2009లో సెయింట్ పాల్‌లో కనబడినప్పటి నుంచి ఇక్కడ యాష్ చెట్లు కొట్టేయడమే పని. ఓక్ చెట్లుంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా కొమ్మ ముట్టనివ్వకండి. కోసిన గాయానికి చేరే పురుగుల ద్వారా ఓక్ విల్ట్ తెగులు సోకుతుంది.

మన కరివేపాకు, మల్లె, తులసి సంగతి ల్యాండ్‌స్కేపర్‌కు సంబంధించినది కాదు. అవి కుండీల్లోనే ఉండి సెప్టెంబరులో ఇంట్లోకి రావాల్సినవే. గోంగూర, బెండ వేసుకునే మడి మాత్రం ప్లానులో ముందే చేర్పించండి. రోజంతా ఎండ పడే చోటు, నీటి కుళాయికి దగ్గర, పైకప్పు మీది మంచు జారి పడని చోటు. ఈ మూడూ కలిసిన జాగా పెరట్లో ఒక్కటే ఉంటుంది, సాధారణంగా ల్యాండ్‌స్కేపర్ అక్కడే ప్యాటియో గీస్తారు.

పచ్చిక గురించి పొడవుగా చెప్పక్కర్లేదు. విత్తనం చల్లడానికి మంచి సమయం ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. మేలో చల్లించేవాళ్ళు కలుపుకు విందు పెడుతున్నట్టే. ఫాస్ఫరస్ ఉన్న ఎరువును మామూలు లాన్ మీద వేయడాన్ని ఈ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. కొత్త లాన్‌కు, మట్టి పరీక్షలో లోటు తేలినప్పుడు మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని కలుపుమందు కొట్టేవాళ్ళకు రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి.

మంచు తీసే ఒప్పందం

ఎండాకాలం గడ్డి కోసే కంపెనీలే చలికాలం మంచు తీస్తాయి. ఈ రెండో ఒప్పందంలో లెక్క రెండు రకాలు: వచ్చినప్పుడల్లా ఇంత, లేదా సీజన్ మొత్తానికి ఇంత. ఏది లాభమో ముందు చెప్పడం జూదమే. ఈ నగరంలో సగటున 50 అంగుళాల పైచిలుకు మంచు పడుతుంది. 2022–23 చలికాలంలో 90 అంగుళాలు దాటింది. ఆ మరుసటి ఏడు 30 కూడా రాలేదు. మొదటి ఏడాది విడివిడిగా చెల్లించినవాళ్ళు బెదిరిపోయి రెండో ఏడాది మొత్తం ఒప్పందానికి మారి ఉంటే రెండుసార్లూ నష్టపోయినట్టే. ఖర్చు నిలకడగా ఉండాలనుకుంటే సీజన్ ఒప్పందం, ఇంట్లో పార పట్టగలిగేవాళ్ళుంటే విడి ఒప్పందం అన్నది నా లెక్క.

ధరకంటే ముఖ్యమైనవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎన్ని అంగుళాలు పడితే వస్తారు? చాలా ఒప్పందాల్లో ఇది 2 అంగుళాలు. ఒకటిన్నర పడి ఆగితే ఎవరూ రారు. మీ డ్రైవ్‌వే తీసి వెళ్ళాక నగరపాలక బండి వచ్చి రోడ్డు మంచునంతా మీ వాకిలి మూతికి అడ్డంగా పోసి పోతుంది. దాన్ని తీయడానికి మళ్ళీ వస్తారా, దానికి వేరే డబ్బులా? కాలిబాట కూడా ఇందులో ఉందా? మిన్నియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట తీయాల్సిన బాధ్యత ఇంటి యజమానిదే. బండి పచ్చికను గీరేస్తే వసంతంలో బాగుచేస్తారా? మంచు కుప్ప ఎక్కడ పోయాలో మొక్కలు నాటేటప్పుడే అనుకోవాలి. డ్రైవ్‌వే పక్కన ముచ్చటగా వేసిన పొదల మీదే జనవరిలో నాలుగడుగుల ఉప్పు మంచు పడుతుంది.

ఉప్పు చల్లడంలో పొదుపరులను ఎంచుకోండి. మామూలు ఉప్పు 15 ఫారెన్‌హీట్‌కు దిగువన దాదాపు పనిచేయదు. అప్పుడు ఎంత చల్లినా డబ్బు దండగ. ఒక్క టీస్పూను ఉప్పు 5 గ్యాలన్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతుంది. తక్కువ ఉప్పుతో పని నడిపే శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం ఇచ్చేదీ ఆ సంస్థే. ఆ పత్రం ఉందా అని అడగవచ్చు.

స్ప్రింక్లర్లు ఉన్నవాళ్ళు గొట్టాల్లోని నీటిని గాలితో ఊదించడం అక్టోబరులోనే ముగించుకోవాలి. 1991 హాలోవీన్ రోజున (అక్టోబరు 31) మొదలైన తుపానులో ఈ నగరంలో 28.4 అంగుళాల మంచు పడింది. నవంబరులో చూద్దాం అనే బేరం ఇక్కడ పనికిరాదు. గాలి ఒత్తిడి కూడా అడగండి. నల్లటి పాలిథిలిన్ గొట్టానికి 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), గట్టి పీవీసీకి 80 దాటకూడదు. పెద్ద కంప్రెసర్ తెచ్చి తొందరగా ముగించేవాళ్ళు గొట్టాలనే పగలగొట్టిపోతారు, అదీ మేలో నీళ్ళు వదిలాకే తెలుస్తుంది.

కాగితాలు

ఇన్సూరెన్సు ఉందంటే సరిపోదు. దాని ధ్రువపత్రం నేరుగా ఇన్సూరెన్సు కంపెనీ నుంచి మీ పేరు మీద రావాలి. పనిలో ఇతరులకు, వాళ్ళ ఆస్తికి జరిగే నష్టానికీ (సాధారణ బాధ్యత), పనివాళ్ళ గాయాలకూ రెండూ ఉండాలి. మొక్కలు అమ్మి నాటేవాళ్ళకు రాష్ట్ర వ్యవసాయ శాఖ నర్సరీ ధ్రువపత్రం కావాలి. మనవాళ్ళలో చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. మీరు ల్యాండ్‌స్కేపర్‌కు పూర్తిగా చెల్లించినా, ఆయన రాళ్ళు అమ్మినవాళ్ళకు బాకీ పెడితే ఆ బాకీ కింద వాళ్ళు మీ ఇంటి మీద హక్కు (లీన్) నమోదు చేయవచ్చు. చివరి సరుకు ఇచ్చిన రోజు నుంచి వాళ్ళకు 120 రోజుల గడువు ఉంటుంది. ఆఖరి చెక్కు ఇచ్చేముందు సరఫరాదారుల నుంచి, ఉప గుత్తేదారుల నుంచి ఆ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేసిన కాగితం తీసుకోవాలి.

సీజన్ చిన్నది. ఏప్రిల్ ఆఖరు నుంచి నవంబరు మొదలు దాకా, అంతే. పైగా నేల కరిగే వారాల్లో రోడ్లు మెత్తబడి లారీల బరువుపై ఆంక్షలు ఉంటాయి, కంకర రావడం ఆలస్యమవుతుంది. మే నెలలో ఫోన్ చేస్తే మంచివాళ్ళు దొరకరు. జనవరి, ఫిబ్రవరిలో మాట్లాడితే తీరిగ్గా వచ్చి చూస్తారు. అయితే నేలంతా తెల్లగా ఉన్నప్పుడు వాలు కనబడదు కాబట్టి అక్టోబరులోనే పెరడు ఫొటోలు తీసి పెట్టుకోండి.

కొంత సొమ్ము వసంతం దాకా ఆపుకుంటామంటే చిన్న కంపెనీలు ఒప్పుకోవు, వాళ్ళ ఇబ్బందీ అర్థం చేసుకోదగినదే. దానికి బదులు "వచ్చే మే నెలలో ఒకసారి వచ్చి చూసి, కుంగిన, లేచిన రాళ్ళను ఉచితంగా సరిచేస్తాం" అన్న వాక్యాన్ని తేదీతో రాయించుకోవచ్చు. పనిమీద నమ్మకం ఉన్నవాళ్ళు దీనికి వెనకాడరు. మొక్కల హామీలో చలికి చచ్చినవి మినహాయింపు అని ఉంటే ఈ ఊళ్ళో ఆ హామీకి విలువ లేదు, కొట్టేయించండి. ఏడాది హామీ అన్నా తేదీ చూసుకోవాలి. మే 10న నాటిన మొక్కకు మరుసటి మే 10తో గడువు తీరుతుంది, ఆలస్యంగా చిగురించే చెట్లు అప్పటికి ఇంకా మోడుగానే ఉంటాయి. బతికుందో లేదో తేలడానికి జూన్ మధ్య దాకా ఆగాలి. అందుకే హామీ గడువును జూన్ 30 దాకా రాయించుకోండి. అప్పటికీ చిగురు లేకపోతే కొమ్మ మీద గోటితో గీకి, లోపల పచ్చదనం లేదని చూపించి ఫోన్ చేయవచ్చు.